ఆదోని యార్డు ధర అడిగితే ఏఐ ఏజెంటు ఏం చదువుతుంది?

పత్తి తీసుకుని బయలుదేరే ముందు ఆదోని మార్కెట్ యార్డులో ధర ఎలా ఉందో తెలుసుకోవాలని ఒక రైతు తన ఫోనులోని ఏఐ సహాయకుడిని అడిగాడనుకుందాం. ఆ సహాయకుడి వెనుక ఉన్న భాషా మోడల్‌కు, అంటే పాఠ్యాన్ని చదివి జవాబు రాసే ప్రోగ్రామ్‌కు, ఇవాళ్టి ధర తెలిసే అవకాశం లేదు. దాని శిక్షణ ఎప్పుడో ముగిసింది, ధర మాత్రం ఈ ఉదయం వేలంలో తేలింది. ఆ అంకెను తెచ్చి ఇవ్వడానికి ఒక ప్రోగ్రామర్ ముందే ఒక టూల్, అంటే మోడల్ అడిగినప్పుడు నడిచే చిన్న ప్రోగ్రామ్, రాసి ఉంచాలి. ఆ టూల్ ఏం చేస్తుందో, దానికి ఏ వివరాలు ఇవ్వాలో, అది తిరిగి ఏం ఇస్తుందో కొన్ని వాక్యాల్లో రాసి మోడల్ ముందు పెట్టాలి. ప్రోగ్రామ్ ఎంత చక్కగా పనిచేసినా ఆ కొన్ని వాక్యాలు సరిగా లేకపోతే రైతుకు తప్పు ధర అందుతుంది. ఆ వాక్యాలను ఎలా రాయాలన్నదే ఇక్కడి విషయం. ఇందులోని టూల్స్ నేను ఊహించినవి. అవి తడబడే చోట్లు మాత్రం కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల వ్యాపారంలోనూ పాలనలోనూ నిజంగా ఉన్నవే.

ముందుగా ఈ ఏర్పాటు ఎలా నడుస్తుందో చూడాలి. ఒక భాషా మోడల్, దాని చుట్టూ నడిచే ప్రోగ్రామ్, ఆ ప్రోగ్రామ్ అందుబాటులో ఉంచిన టూల్స్ కలిస్తే ఏజెంటు అవుతుంది. మోడల్ తానుగా ఏ టూల్‌నూ నడపదు. ప్రతి టూల్‌కూ ఒక పేరు, ఒక వివరణ, అది అడిగే పారామీటర్ల (పిలిచేటప్పుడు ఇవ్వవలసిన వివరాల) పట్టిక ఉంటాయి. ఇవన్నీ మోడల్‌కు మామూలు పాఠ్యంగానే అందుతాయి. ప్రశ్న వచ్చాక మోడల్ ఆ పాఠ్యాన్ని చదివి, ఫలానా టూల్‌ను ఫలానా విలువలతో పిలవమని నిర్ణీత రూపంలో ఒక సందేశం రాస్తుంది. చుట్టూ ఉన్న ప్రోగ్రామ్ ఆ టూల్‌ను నడిపి, వచ్చిన ఫలితాన్ని మళ్లీ పాఠ్యంగా మోడల్‌కు ఇస్తుంది. మోడల్ దాన్ని చదివి జవాబు చెబుతుంది, లేదా ఇంకో టూల్‌ను పిలుస్తుంది. ఈ వరుసలో ఎక్కడా టూల్ లోపలి కోడ్ గానీ, డేటాబేస్ పట్టికలు గానీ, వాటిని తయారుచేసిన మనిషి ఉద్దేశం గానీ మోడల్‌కు కనబడవు.

ప్రోగ్రామ్‌లకు వివరణ రాసే అలవాటు పాతదే. యునిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మొదటి మాన్యువల్ 1971 నవంబరులో వెలువడింది. ప్రతి ఆదేశానికీ పేరు, వాడే తీరు, వివరణతో పాటు, అందులో ఉన్న లోపాలను చెప్పే భాగం కూడా ఆ పుటల్లో ఉండేది. ఆ చివరి భాగాన్ని నేటి వివరణల్లో చాలామంది వదిలేస్తున్నారు, అది పెద్ద నష్టమని నా అభిప్రాయం. తర్వాతి కాలంలో, 2011లో స్వాగర్ పేరుతో మొదలై నేడు ఓపెన్‌ఏపీఐగా పిలుస్తున్న పద్ధతి, వెబ్ సేవలను యంత్రాలు చదవగలిగే రూపంలో వర్ణించడం నేర్పింది. 2023 జూన్‌లో ఏఐ సంస్థ ఓపెన్‌ఏఐ తన మోడళ్లకు ఫంక్షన్ కాలింగ్, అంటే టూల్‌ను పిలవమని నిర్ణీత రూపంలో అడిగే సదుపాయం, చేర్చింది. 2024 నవంబరులో మరో ఏఐ సంస్థ ఆంత్రోపిక్, మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌ను విడుదల చేసింది; ఒకసారి రాసిన టూల్‌ను వేర్వేరు ఏజెంట్లు వాడుకునేలా అది ఒక ఉమ్మడి పద్ధతిని ఏర్పరిచింది. దీని ఫలితంగా టూల్ రాసిన మనిషికీ, దాన్ని వాడే మోడల్‌కూ మధ్య ముఖపరిచయం పూర్తిగా పోయింది. కర్నూలులో కూర్చుని రాసిన టూల్‌ను ఎవరి ఏజెంటు ఏ ప్రశ్న కోసం పిలుస్తుందో రాసినవారు ముందుగా ఊహించలేరు.

యార్డులో కొత్తగా చేరిన గుమాస్తా సంగతి ఆలోచించండి. అతనికి రిజిస్టరు చేతికిచ్చి ఎవరూ గంటసేపు పాఠం చెప్పరు. తెలియని చోట పక్కవాడిని అడుగుతాడు, హమాలీల మాటలు వింటాడు, పొరపాటు రాస్తే సాయంత్రానికి ఎవరో ఒకరు సరిదిద్దుతారు. ఏజెంటుకు ఈ మూడింటిలో ఏదీ లేదు. వినియోగదారుని తిరిగి ప్రశ్నించే వీలున్నా, రిజిస్టరులోని గడికి అర్థం ఏమిటన్నది ఆ రైతును అడిగి ప్రయోజనం ఉండదు. అందువల్ల, యార్డులో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ రాయని సంగతులే టూల్ వివరణలో మొదట రాయవలసినవి.

ధర అన్న ఒక్క గడి

"ధర చూపు" అనే టూల్‌కు "పంట ధరను ఇస్తుంది" అని ఒక వాక్యం వివరణగా రాసి ఉందనుకుందాం. ఆదోనిలో పత్తి గురించి అడిగితే ఈ వాక్యం ఎన్ని విధాల విఫలమవుతుందో చూడండి. రైతు అమ్మేది గింజతో ఉన్న పత్తి, దాని ధరను క్వింటాలుకు చెబుతారు. జిన్నింగ్ మిల్లు అమ్మేది గింజ తీసిన దూది, దాని ధరను క్యాండీకి చెబుతారు. ఒక క్యాండీ దాదాపు 356 కిలోలు. దూదిని కట్టే బేలు 170 కిలోలు. టూల్ కేవలం ఒక అంకెను తిరిగి ఇస్తే మోడల్ దాన్ని క్వింటాలు ధరగానే రైతుకు చెప్పే ప్రమాదం ఉంది. మోడల్‌కు క్యాండీ అంటే తెలియక ఇలా జరగదు; ఈ అంకె దేనికి సంబంధించినదో ఎవరూ చెప్పకపోవడం వల్ల జరుగుతుంది.

వేరుశనగకు కాయ ధర ఒకటి, పప్పు ధర మరొకటి. కడప మార్కెట్‌లో పసుపు కొమ్ముకు ఒక ధర, గడ్డకు మరొక ధర. పైగా మార్కెట్ లెక్కల్లో ఒకే రోజుకు మూడు ధరలు నమోదవుతాయి: కనిష్ఠం, గరిష్ఠం, ఎక్కువ సరుకు ఏ ధరకు అమ్ముడైందో చూపే ధర. కేంద్ర ప్రభుత్వపు ఆగ్‌మార్క్‌నెట్ పట్టికల్లో కూడా ఈ మూడూ విడివిడిగానే కనిపిస్తాయి. రైతు "ఎంత పలికింది" అని అడిగినప్పుడు గరిష్ఠ ధర మాత్రమే చెబితే, నాణ్యత తక్కువైన సరుకు వేసుకుని వచ్చినవాడు యార్డులో దిగాక గానీ నిజం తెలుసుకోడు. కాబట్టి వివరణ ఇలా ఉండాలి: "ఒక మార్కెట్ యార్డులో ఒక తేదీన నమోదైన కనిష్ఠ, గరిష్ఠ, ఎక్కువ సరుకు అమ్ముడైన ధరలను ఇస్తుంది. ధరలన్నీ క్వింటాలుకు రూపాయల్లో ఉంటాయి. పత్తి అంటే గింజతో ఉన్నది. దూది ధరలు ఇందులో లేవు. వేరుశనగ అంటే కాయ. పప్పు ధరలు ఇందులో లేవు. సాధారణంగా ధర ఎంత అని అడిగినవారికి మూడు ధరలూ చెప్పడం మంచిది." ఇది మొదటి వాక్యం కంటే పొడవైనది నిజమే, కానీ ఇందులో తీసివేయదగిన మాట ఒక్కటీ లేదు.

టూల్ తిరిగి ఇచ్చే ఫలితంలోని గడి పేర్లకు కూడా ఇదే శ్రద్ధ కావాలి. "ధర" అని కాకుండా "క్వింటాలుకు కనిష్ఠ ధర రూపాయల్లో" అన్న అర్థం పేరులోనే కనిపించేలా పెడితే, వివరణను మోడల్ చాలాసేపటి కిందట చదివినా, అంకె ఎదురైన క్షణంలో దాని ప్రమాణం పక్కనే ఉంటుంది. వివరణ ఒకచోట, ఫలితం మరొకచోట ఉన్నప్పుడు ఆ రెండింటినీ కలపడం మోడల్‌కు వదిలేయకూడదు.

జిల్లా పేరు వెనుక ఉన్న చరిత్ర

ఈ ప్రాంతపు టూల్స్‌లో అన్నిటికంటే కష్టమైన పారామీటర్ జిల్లా పేరు. కడపనే తీసుకోండి. ఇంగ్లీషు అక్షరాల్లో బ్రిటిష్ కాలం నాటి నుంచి వచ్చిన వర్ణక్రమం 2005లో మారింది. 2010లో జిల్లా పేరు వైఎస్సార్ జిల్లా అయింది, 2025లో వైఎస్సార్ కడప జిల్లా అయింది. ప్రజలు మాత్రం మొదటి నుంచీ కడప అనే అంటున్నారు. అనంతపురాన్ని ఇంగ్లీషులో రెండు మూడు రకాలుగా రాస్తారు. పారామీటర్ వద్ద "జిల్లా పేరు ఇవ్వండి" అని మాత్రమే ఉంటే, మోడల్ వీటిలో తనకు తోచిన రూపాన్ని ఇస్తుంది. డేటాబేస్‌లో ఆ రూపం లేకపోతే ఖాళీ ఫలితం వస్తుంది. ఖాళీ ఫలితాన్ని చూసి "కడప జిల్లాలో సమాచారం లేదు" అని నమ్మకంగా చెప్పేస్తుంది. దీనికి మందు స్కీమాలోనే, అంటే పారామీటర్లను, వాటి రూపాలను వర్ణించే పట్టికలోనే ఉంది. అంగీకరించే విలువలను ఒక మూసిన జాబితాగా స్కీమాలో రాసిపెట్టవచ్చు. ప్రతి విలువ పక్కనా జనం వాడే ఇతర పేర్లను చెప్పవచ్చు. కేంద్ర ప్రభుత్వం నడిపే స్థానిక పాలనా డైరెక్టరీలో ప్రతి జిల్లాకూ, మండలానికీ, గ్రామానికీ ఒక సంకేత సంఖ్య ఉంది. పేరుకు బదులు ఆ సంఖ్యను వాడి, పేరును సంఖ్యగా మార్చే టూల్‌ను విడిగా ఇస్తే ఇంకా స్థిరంగా ఉంటుంది. అయితే ఆ రెండో టూల్‌ను ముందుగా పిలవాలన్న సంగతి మొదటి టూల్ వివరణలో రాయకపోతే, మోడల్ సంఖ్యను ఊహించి రాసే అవకాశం ఉంది.

పేరు కంటే లోతైన చిక్కు సరిహద్దులది. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లోని జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. కర్నూలు నుంచి నంద్యాల జిల్లా ఏర్పడింది. అనంతపురం నుంచి కదిరి, ధర్మవరం, పెనుకొండ, పుట్టపర్తి వంటి ప్రాంతాలు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. ఇప్పుడు ఒక విలేకరి, "గత పదేళ్లలో అనంతపురం జిల్లాలో వేరుశనగ సాగు ఎలా మారింది?" అని ఏజెంటును అడిగారనుకుందాం. టూల్ ఏడాదికో అంకె ఇస్తుంది. 2022 దగ్గర అంకె ఒక్కసారిగా పడిపోతుంది. ఆ పతనంలో వర్షాభావం ఎంత, రైతులు వేరే పంటకు మారడం ఎంత, కేవలం మండలాలు పక్క జిల్లా లెక్కలోకి వెళ్లడం ఎంత అన్నది ఆ అంకెలు చెప్పవు. అనంతపురం కరవు గురించి విస్తారంగా చదివిన మోడల్‌కు కరవు కారణమనే కథ చాలా సహజంగా తోస్తుంది. అది నమ్మదగిన వాక్యాల్లో రాస్తుంది, విలేకరి ప్రచురిస్తారు. టూల్ వివరణలో ఒక్క వాక్యం ఉంటే ఇది ఆగుతుంది: "2022 ఏప్రిల్ 4కు ముందున్న అంకెలు ఉమ్మడి జిల్లావి, ఆ తర్వాతివి కొత్త సరిహద్దుల ప్రకారం ఉన్నవి, రెండింటినీ నేరుగా పోల్చకూడదు, పోల్చాలంటే మండలాల వారీగా అంకెలు తీసుకుని కూడాలి." ఫలితంలో కూడా ప్రతి అంకె పక్కన అది ఏ సరిహద్దుల ప్రకారం లెక్కించినదో ఒక గడి ఉండాలి. ఈ వాక్యం రాయడానికి ప్రోగ్రామింగ్ నైపుణ్యం అక్కరలేదు, జిల్లా గణాంక కార్యాలయంలో పనిచేసిన ఎవరికైనా ఇది తెలిసిన సంగతే. అది ఆ కార్యాలయం నుంచి స్కీమా దాకా ప్రయాణించకపోవడమే లోపం.

తేదీల విషయంలో తేలికగా చెప్పగలిగినది ఇది: 05-06-2025 అన్న రూపాన్ని కొందరు జూన్ 5గా, కొందరు మే 6గా చదువుతారు కనుక, 1988 నుంచి అంతర్జాతీయ ప్రమాణంగా ఉన్న సంవత్సరం, నెల, రోజు అన్న వరుసనే అడగాలి, ఒక ఉదాహరణ కూడా ఇవ్వాలి. కాలమండలం సంగతి కాస్త మరుగున ఉంటుంది. సర్వర్ తన లెక్కను యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక కాలంలో) ఉంచితే మన కాలం దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. పత్తికొండ టమాటా మార్కెట్‌కు తెల్లవారుజామున 4 గంటలకు వచ్చిన బండి, ఆ లెక్కలో ముందు రోజు రాత్రి 10 గంటల 30 నిమిషాలకు వచ్చినట్టు నమోదవుతుంది. "ఇవాళ ఎన్ని బండ్లు వచ్చాయి" అన్న ప్రశ్నకు జవాబు అక్కడే తప్పుతుంది.

ఖాళీ, సున్నా, ఎర్రర్

యార్డుకు సెలవు రోజు ధర అడిగితే టూల్ ఏం ఇవ్వాలి? చాలా ప్రోగ్రామ్‌లు సున్నా ఇస్తాయి, లేదా ఖాళీ జాబితా ఇస్తాయి. రోజుల వారీ సగటు లెక్కించమని అడిగినప్పుడు ఆ సున్నాలు సగటులో కలిసిపోతాయి, ధర కుప్పకూలినట్టు కనబడుతుంది. యార్డు మూసి ఉంది, యార్డు తెరిచినా ఆ పంట రాలేదు, వచ్చింది గానీ ధర ఇంకా నమోదు కాలేదు, అడిగిన పేరే తప్పు: ఇవి నాలుగు వేర్వేరు సంగతులు, నాలుగింటికీ రైతు చేయవలసిన పని వేరు. ఫలితం వీటిని విడదీసి చెప్పాలి, ఏది ఎప్పుడు వస్తుందో వివరణ చెప్పాలి.

ఎర్రర్ సందేశం కూడా డాక్యుమెంటేషనే అన్న సంగతి నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోస్తుంది, ఎందుకంటే అది మోడల్ పొరపాటు చేసిన సరిగ్గా ఆ క్షణంలో చదివే పాఠ్యం. "ఎర్రర్ 400" అని మాత్రమే వస్తే మోడల్ అదే పిలుపును మళ్లీ చేయవచ్చు, లేదా ఇంకో విలువను ఊహించవచ్చు. "ఆత్మకూరు అన్న పేరుతో ఒకటికంటే ఎక్కువ మండలాలు ఉన్నాయి: ఒకటి నంద్యాల జిల్లాలో, ఒకటి అనంతపురం జిల్లాలో, ఒకటి నెల్లూరు జిల్లాలో. జిల్లా పారామీటర్ కూడా ఇచ్చి మళ్లీ పిలవండి, ఏ జిల్లానో తెలియకపోతే వినియోగదారుని అడగండి" అని వస్తే తర్వాతి అడుగు సరిగా పడుతుంది. ఏం తప్పింది, ఏది ఇవ్వాలి, మళ్లీ ప్రయత్నించవచ్చా, లేక ఆగి మనిషిని అడగాలా అన్నవి ఆ సందేశంలోనే ఉండాలి.

ఒకే పనికి దగ్గరగా ఉన్న టూల్స్ పక్కపక్కన ఉన్నప్పుడు మరో చిక్కు వస్తుంది. "డేటా తెచ్చు", "సమాచారం తెచ్చు", "వివరాలు తెచ్చు" అని మూడు పేర్లుంటే ఏది ఎప్పుడు అన్నది మనిషికే తెలియదు. ప్రతి టూల్ వివరణలోనూ అది దేనికి పనికిరాదో, ఆ పనికి ఏ టూల్‌ను వాడాలో చెప్పాలి: "ఇది నిన్నటి వరకు ఖరారైన ధరలకు మాత్రమే; ఇవాళ నడుస్తున్న వేలానికి ప్రత్యక్ష వేలం టూల్ వాడాలి." అయినా గందరగోళం తీరకపోతే వివరణను ఇంకా పొడిగించే బదులు, రెండు టూల్స్‌ను ఒకటిగా కలపడమే మేలు. వివరణ రాయడానికి కష్టపడవలసి వస్తోందంటే టూల్ విభజనలోనే లోపం ఉన్నట్టు అనుమానించాలి.

ధర చూపే టూల్ తప్పు చేస్తే దిద్దుకోవచ్చు. వేలంలో ఒక లాట్‌ను (ఒకేసారి వేలానికి పెట్టిన సరుకును) రద్దు చేసే టూల్, రైతులందరికీ ఎస్సెమ్మెస్ పంపే టూల్ తప్పు చేస్తే వెనక్కి తీసుకోలేము. నెట్‌వర్క్ ఆలస్యమై జవాబు రాకపోతే ఏజెంటు రెండోసారి పిలుస్తుంది. మొదటి పిలుపు నిజానికి పూర్తయి ఉంటే సందేశం రెండుసార్లు పోతుంది. ప్రతి పిలుపుకూ ఒక గుర్తింపు సంఖ్య ఇచ్చి, అదే సంఖ్యతో మళ్లీ వస్తే పనిని తిరిగి చేయకుండా పాత ఫలితాన్నే ఇచ్చేలా టూల్‌ను తయారుచేయాలి, ఆ సంగతి వివరణలో రాయాలి. మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌లో ఒక టూల్ చదవడానికి మాత్రమేనా, ఉన్నదాన్ని చెరిపేస్తుందా, రెండుసార్లు పిలిచినా ఒకే ఫలితమా అని సూచించే గుర్తులు ఉన్నాయి. కానీ అవి సూచనలు మాత్రమే. నమ్మకం లేని సర్వర్ నుంచి వచ్చిన గుర్తులను నమ్మవద్దని ఆ ప్రోటోకాలే చెబుతోంది. అందుచేత వెనక్కి తీసుకోలేని పనికి ముందు మనిషి అనుమతి తప్పనిసరి చేయడం కోడ్‌లో ఉండాలి, వివరణలోని విన్నపం మీద ఆధారపడకూడదు.

ఇంతవరకు రాసినదాన్ని చూసి అన్నీ రాసేయాలని అనుకోవడం కూడా సరికాదు. టూల్ వివరణలన్నీ ప్రతి సంభాషణలోనూ మోడల్ చదవవలసిన పాఠ్యంలో చోటు ఆక్రమిస్తాయి, ప్రతి టోకెన్‌కూ (మోడల్ పాఠ్యాన్ని విడగొట్టి చదివే చిన్న ముక్కకూ) ఖర్చు ఉంటుంది, ఎక్కువ పాఠ్యంలో ముఖ్యమైన వాక్యం మరుగున పడుతుంది. కంప్యూటర్లు అక్షరాలను భద్రపరిచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగు లిపిలోని ప్రతి సంకేతానికీ మూడు బైట్లు కావాలి. చాలా మోడళ్లలో తెలుగు వాక్యానికి అదే అర్థమున్న ఇంగ్లీషు వాక్యం కంటే ఎక్కువ టోకెన్లు అవుతాయి. ఈ కారణంగా వివరణ మొత్తాన్ని ఇంగ్లీషులో రాసేవారిని తప్పుపట్టలేము. అయితే వేరుశనగ గురించి అడిగేవారు "బుడ్డలు ఎంత ఉన్నాయి" అని ఒకచోట, "శనక్కాయలు" అని మరోచోట అడుగుతారు కాబట్టి, ఇంగ్లీషు వివరణలో కూడా పంటల పేర్లను ఈ జిల్లాల్లో పలికే రూపాల్లో, తెలుగు లిపిలోనే చేర్చాలి. పొదుపు చేయవలసింది పరిచయ వాక్యాల్లో, సంస్థ గొప్పలు చెప్పుకునే చోట, పారామీటర్ పేరునే తిరగేసి చెప్పే చోట.

రాసింది సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి చదివి చూసుకుంటే చాలదు, ఎందుకంటే రాసినవారి మనసులో ఉన్న సమాచారం ఖాళీలను పూరించేస్తుంది. యార్డు కార్యాలయానికి, రైతు సేవా కేంద్రానికి వచ్చే నిజమైన ప్రశ్నలను వారు అడిగిన మాటల్లోనే సేకరించి, వాటికి సరైన జవాబులు, పిలవవలసిన టూల్స్, ఇవ్వవలసిన విలువలు పక్కన రాసుకోవాలి. ఆ ప్రశ్నలను ఏమీ తెలియని కొత్త సంభాషణలో ఏజెంటుకు ఇచ్చి, అది ఏ టూల్‌ను ఏ విలువలతో పిలిచిందో చూడాలి. తుది జవాబు సరైనదే అయినా తప్పుదారిలో వచ్చి ఉండవచ్చు కనుక పిలుపులనే గమనించాలి. కొన్ని ప్రశ్నలను వివరణ దిద్దేటప్పుడు వాడకుండా చివరి పరీక్షకు దాచి ఉంచాలి, లేకపోతే వివరణ ఆ ప్రశ్నలకు మాత్రమే సరిపోయేలా తయారవుతుంది. మోడల్ మారినప్పుడూ, టూల్‌లో ఒక గడి చేరినప్పుడూ, చివరికి వివరణలో ఒక వాక్యం మార్చినప్పుడూ ఈ పరీక్ష మొత్తం మళ్లీ నడపాలి. మాట మారితే ఏజెంటు నడత మారుతుంది కాబట్టి, వివరణను కోడ్ ఉన్న చోటే ఉంచి, కోడ్ మార్పును తనిఖీ చేసినట్టే వాక్యం మార్పును కూడా రెండో మనిషి తనిఖీ చేయాలి. ఆ రెండో మనిషి ప్రోగ్రామరే కానక్కరలేదు; ఆదోని టూల్‌కైతే వేలం రిజిస్టరు రాసే గుమాస్తా, సాగు లెక్కల టూల్‌కైతే మండలాల జాబితా చూసే గణాంక అధికారి ఆ వాక్యాలను చదివి, ఏ గడిలో ఏ మాట లోపించిందో చెప్పగలరు.